ఎర్రధూళి గ్రూపు

తెలుగు సినిమాలో రాయలసీమ ధూళి ఎర్రగానే లేస్తుంది. ‘సమరసింహారెడ్డి’ 1999లో వచ్చింది. పాతికేళ్ళు దాటాయి, హీరోలు మారారు, సుమోలు పోయి స్కార్పియోలు వచ్చాయి, ఆ పొడి మాత్రం ఇటుకబట్టీ దగ్గర ఎత్తుకొచ్చినట్టే ఉంటుంది. ఒకసారి ఆదోని నుంచి ఆలూరు వైపు వెళ్ళి చూడండి. ఎక్కడ చూసినా నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలిచ్చిన ఆ నేల మీద ట్రాక్టరు పోతే లేచేది బూడిదరంగు పొడి. ఆదోని ఊళ్ళోకొస్తే జిన్నింగు మిల్లుల చుట్టుపక్కల గాల్లో తేలేది మన్ను ఒక్కటే కాదు, దూదిపీచు కూడా. తెల్లగా ఉంటుంది, ముక్కులోకి పోతే దగ్గొస్తుంది, జుట్టు మీద వాలితే పదేళ్ళ వయసు పెంచుతుంది. మా పడమటి కర్నూలులో ఎర్రనేలలు లేవా అంటే ఉన్నాయి. అవి కూడా ఉన్నాయి, అంతే.

రంగు గురించి ఇంత పట్టింపేంటి అనుకుంటారేమో. నా ఉద్యోగమే ధూళి. సినిమాలకు ఎఫెక్ట్స్ చేస్తాను: పొగ, నిప్పురవ్వలు, గోడ కూలితే లేచే దుమ్ము. ఈ పనికి మూలమైన ఆలోచన పాతదే. 1982లో ‘స్టార్ ట్రెక్’ రెండో సినిమా కోసం ఒక గ్రహమంతా నిప్పు పాకే దృశ్యానికి వాడిన పద్ధతిని విలియం రీవ్స్ 1983లో పేపరుగా రాశాడు. మంట, మబ్బు, పొగ లాంటి అంచుల్లేనివాటిని ఒక ఆకారంగా గీయకండి, కణాలుగా పుట్టించండి. ఒక్కో కణానికి వేగం, రంగు, ఆయుష్షు ఇవ్వండి. ఆయుష్షు తీరితే తీసెయ్యండి. క్లుప్తంగా ఇదీ సంగతి.

లక్షల కణాలకు ఒక్కొక్కదానికీ విడిగా చెప్పుకోలేం కాబట్టి గ్రూపులు కావాలి. హౌడినీలో పాప్ గ్రూప్ అని ఒక నోడ్ ఉంటుంది. దానికి షరతు రాసిస్తాం. వయసు రెండు సెకన్లు దాటినవి, వేగం ఇంతకు మించినవి, ఫలానా పెట్టె హద్దుల్లో ఉన్నవి, లేదంటే ఊరికే చీటీ తీసినట్టు వందకు పది. షరతుకు నిలిచినవన్నీ ఒక పేరు కిందికొస్తాయి. ఇక గాలి ఆ పేరున్నవాటికే తగలాలన్నా, రంగు వాటికే మారాలన్నా మన ఇష్టం. గ్రూపులో లేని కణం తెర మీద ఉంటుంది గానీ దాని గురించి ఎవరూ ఏమీ చేయరు.

ఇందులో నాకు నచ్చే సంగతులు రెండున్నాయి. ఒకే కణం ఒకే సమయంలో ఎన్ని గ్రూపుల్లోనైనా ఉండొచ్చు. ‘బరువైనవి’లో ఉన్నది ‘వేగంగా పోయేవి’లోనూ ఉంటుంది, తగువేం లేదు. రెండోది, సభ్యత్వం శాశ్వతం కానక్కర్లేదు. అడుగడుక్కీ గ్రూపు ఖాళీ చేసి కణాలన్నిటికీ మళ్ళీ పరీక్ష పెట్టొచ్చు. లేదా ఒకసారి చేరినదాన్ని ఆ తర్వాత షరతు తప్పినా అలాగే ఉంచెయ్యొచ్చు. దానికో టిక్కు ఉంది. అప్పుడే పుట్టిన కణాలకైతే వేరే గ్రూపే ఉంది, కానీ మరుసటి అడుగుకే అందులోంచి బయటపడతాయి. పుట్టుక అనే షరతు యంత్రానికి కూడా క్షణం సేపే పనికొస్తుంది.

మన సినిమావాళ్ళూ, వాళ్ళతో సమానంగా మన సమీక్షకులూ, సీమ విషయంలో ఆ టిక్కు పెట్టేసి మర్చిపోయారని నా ఆరోపణ.

ఆమధ్య ఒక ఛేజింగ్ సీను నా దగ్గరికొచ్చింది. కథ ప్రకారం జరిగేది ఆదోని దగ్గర. నేను బూడిదరంగు దుమ్ము చేసి పంపాను. ‘సీమ ఫీల్ రావట్లేదు, ఎరుపు పెంచండి’ అని వెనక్కొచ్చింది. మాది ఎమ్మిగనూరే, అక్కడ నేల ఇలాగే ఉంటుంది అని చెప్పుకున్నాను. “నువ్వు సీమ నుంచి వచ్చావు బ్రో, ఆడియన్స్ సినిమాల నుంచి వచ్చారు” అన్నాడు మా లీడ్. ఆ మాటలో తెలివి ఉంది, అందుకే ఇప్పటికీ మండుతుంది. ఎరుపు పెంచాను. జీతం తీసుకునే పని కాబట్టి పెంచాను, అందులో దాచేదేం లేదు.

చేతకాక ఇలా చేస్తున్నారా అంటే అదీ కాదు. 2012లో ‘ఈగ’కు హైదరాబాదులోని మకుట ఎఫెక్ట్స్ చేసింది. ఆ సంస్థ పెట్టినవాళ్ళలో ఒకడైన పీట్ డ్రేపర్, ‘డీకన్‌స్ట్రక్టింగ్ ది ఎలిమెంట్స్ విత్ త్రీడీఎస్ మ్యాక్స్’ అని పుస్తకం రాసిన మనిషి. నిప్పునీ నీటినీ ముందు విడదీసి చూసుకుని, ఆ తర్వాతే కంప్యూటర్ ముందు కూర్చోమనే పుస్తకం అది. ఒక ఈగ రెక్కకు అంత శ్రద్ధ పెట్టగలిగిన ఊరు, ఒక ప్రాంతపు మట్టిని చూడటానికి రైలెక్కదు.

టీవీవాళ్ళది ఇంకో షరతు: వేగం. హొళగుంద మండలం దేవరగట్టులో ఏటా విజయదశమి రాత్రి బన్ని ఉత్సవం. మాళ మల్లేశ్వర స్వామి విగ్రహాల కోసం ఊళ్ళ జనం కర్రలతో తలపడతారు, తలలు పగులుతాయి. ఆ రాత్రి కెమెరాలన్నీ అక్కడే. కర్ర ఒక స్థాయికి మించి వేగంగా కదిలినప్పుడు మేం గ్రూపులోకొస్తాం. తెల్లారి కర్రలు దించగానే బయటికి. మిగతా 364 రోజులు ఆ ఊళ్ళలో తాగునీటికి ఎంతసేపు నిలబడతారో అన్నది ఆ షరతుకు అందదు, ఎందుకంటే క్యూలో నిలబడ్డ మనిషి వేగం సున్నా.

ఇక మనవాళ్ళు. మనవాళ్ళంటే ఈ పేజీలు చదివేవాళ్ళు, రాసేవాళ్ళు. సీమ నుంచి ఏ కథల పుస్తకం వచ్చినా సమీక్షలో రెండో పేరాకల్లా ‘మట్టి వాసన’ తగులుతుంది. సినిమా అయితే ‘రా అండ్ రస్టిక్’. ఏ మట్టి, అయ్యా? రేగడికీ గరుసుకీ ఒకే వాసన ఉండదు. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన కథలో మగ్గం గుంట ఉంటే, నూలుకు పెట్టిన గంజి వాసన ఉండాలి గదా. మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టి నేతగాళ్ళను ఒకచోటికి చేర్చిన ఊరు అది. ఆదోని కథలో మార్కెట్ యార్డు ఉండొచ్చు. పత్తి వ్యాపారం జోరు చూసి జనం రెండో ముంబై అని పిలుచుకున్న పట్నం. తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే వీధిలో వినిపించే చోటు. ఇవేవీ ‘సీమ కథ’ అన్న షరతులో లేవు. కరువు, కక్ష, కత్తి: ఈ మూడింట్లో ఒకటి లేకపోతే పుస్తకంలో ‘ప్రాంతీయత పలచబడింది’ అని రాస్తారు. మగ్గం గురించి రాసిన సీమ రచయిత ‘చేనేత కథలు’ గ్రూపుకు వెళ్ళిపోతాడు, సీమ గ్రూపులోంచి పేరు కొట్టేస్తారు. కణం రెండు గ్రూపుల్లో ఉండొచ్చని నలభై ఏళ్ళ కిందటి ఆలోచన మీద నడిచే సాఫ్ట్‌వేర్‌కు తెలుసు.

దీనికి ఒక జవాబు వస్తుందని తెలుసు. రాయలసీమ అనే గ్రూపు మీరే కట్టుకున్నారు కదా, ఇప్పుడు ఒకే మూసలో చూస్తున్నారని ఏడవడమెందుకు అని. నిజమే, కట్టుకున్నాం. 1800లో నిజాం కంపెనీకి రాసిచ్చిన జిల్లాలు కాబట్టి ‘సీడెడ్’ అన్నారు, దత్తమండలాలు అన్నారు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన సరుకు పేరు అది. ఆ పేరు మాకొద్దని 1928లో నంద్యాల సభలో రాయలసీమ అన్న పేరు పెట్టుకున్నారు, చిలుకూరి నారాయణరావు సూచన మీద. 1937లో శ్రీబాగ్ ఒడంబడికలో ఆ పేరు మీదే నీళ్ళు అడిగారు. ఆ గ్రూపుకు షరతు రాసింది లోపలి మనుషులు, రాసింది ఒక పని కోసం. సినిమా వ్యాపారం మాత్రం ఈ రోజుకీ కలెక్షన్లు ‘నైజాం, సీడెడ్’ అనే లెక్క కడుతుంది. వద్దని పేరు మార్చుకుని వందేళ్ళు కావస్తోంది, ఆ షీటులో మేమింకా సీడెడే. ఇంతకంటే పాత టిక్కు ఎక్కడైనా ఉందా?

మా ఆదోని మీద ప్రభుత్వాలు పెట్టిన పరీక్షలైతే వేరే. 1953 అక్టోబరు 1 దాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలోవి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డ రోజున కర్నూలులో కలిపారు. షరతు భాష. ఇంట్లో ఒక భాష, సంతలో ఇంకో భాష మాట్లాడేవాళ్ళను ఏ గ్రూపులో వెయ్యాలి? తాలూకా మొత్తానికి ఒకే జవాబు కావాలి కాబట్టి ఒకే జవాబు ఇచ్చారు. తప్పని అనను. హద్దు ఎక్కడో ఒకచోట గీయాలి. గీసినవాళ్ళకు అది గీత అని గుర్తుండాలి, అంతే.

పత్తికి కూడా షరతులుంటాయి. మద్దతు ధరకు కొనాలంటే కాటన్ కార్పొరేషన్ తేమ చూస్తుంది. 8 శాతం దాకా పూర్తి ధర, అక్కడి నుంచి 12 దాకా కోత, ఆ పైన కొనరు. పీచు పొడవు, మైక్రోనేర్ చూస్తారు. 2024-25లో 29.5 నుంచి 30.5 మిల్లీమీటర్ల పొడుగు పింజకు క్వింటాలు 7,521 రూపాయలు. దీంతో రైతుకు బోలెడు కష్టాలున్నాయి, మంచులో తడిసిన పత్తి ఏ ఉదయం కొలిచారన్న దాన్ని బట్టి బతుకు మారిపోతుంది. అయినా ఈ షరతులో ఒక నిజాయితీ ఉంది. అంకె బయట రాసుంటుంది, ఏ ఊరి పత్తి అని అడగదు, ఆరబెట్టి తెస్తే మళ్ళీ కొలుస్తారు. మట్టి వాసన సమీక్షకుడు మళ్ళీ కొలిచినట్టు నేనెప్పుడూ చూళ్ళేదు.

అందుకని గ్రూపులే వద్దనడం లేదు. అలా అనేవాణ్ణి నా వృత్తిలో ఎవరూ ఉద్యోగంలో ఉంచుకోరు. ఇంకా చెయ్యండి, ఇంకా సన్నగా చెయ్యండి అంటున్నాను. 2022 దాకా నంద్యాలా కోసిగీ ఒకే కర్నూలు జిల్లా. కేసీ కాలువ కింద పండే వరీ, సంక్రాంతి దాటాక మిరప కోతలకు గుంటూరు వైపు కుటుంబాలతో కదిలే కోసిగి, మంత్రాలయం, కౌతాళం పల్లెలూ ఒకే సగటులో కలిశాయి. సగటుకు కళ్ళుండవు. తుంగభద్ర మంత్రాలయం పక్కనే పారుతుంది, దిగువ కాలువ మా వైపు వస్తుంది, అయినా కాలువ చివరి పొలానికి నీళ్ళు చేరేసరికి నెల మారుతుంది. జిల్లాను చీల్చాక పడమర విడిగా కనిపిస్తుందనుకున్నాం. పేరు కర్నూలే, సినిమాలో కర్నూలంటే కొండారెడ్డి బురుజే. ‘ఒక్కడు’ చూసిన ప్రతివాడికీ ఆ బురుజు తెలుసు. అక్కడికి నూరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆదోని కోట పేరు చెప్పమంటే తల గోక్కుంటారు.

వలస పోయే బొలెరోలు తెల్లవారుజామున బయల్దేరతాయి. మూటలు, గిన్నెలు, పొయ్యిలోకి కట్టెలు, బడి మానిన పిల్లలు. వాటి వెనకా దుమ్ము లేస్తుంది. ఆ చీకట్లో అది ఏ రంగులోనూ ఉండదు, హెడ్‌లైటు పడ్డ చోట కాస్త పసుపు, మిగతా చోట ఏమీ లేదు. దాన్ని చెయ్యడం కష్టం. రెండు గ్రూపులు చాలవు, వెలుగు తాకినవాటిని ప్రతి ఫ్రేముకీ మళ్ళీ పరీక్షించి తీసుకోవాలి. ఎవరైనా దర్శకుడు ఆ షాట్ తీస్తే నాకు పంపండి. డబ్బులొద్దు.