గాజులూ – పచ్చబొట్టూ

మా అమ్మమ్మ కుడి ముంజేతిమీద తులసికోట పచ్చబొట్టు ఉండేది. "పోయేటప్పుడు వెంట వచ్చేది ఇదొక్కటేరా, తక్కినవన్నీ ఇక్కడివే" అనేది. ఆవిడ పోయిననాడు అలాగే జరిగింది. చేతి బంగారు గాజులు పెద్దవాళ్లు సబ్బు రాసి తీశారు. కర్మకాండ అయ్యాక కూతుళ్లిద్దరూ పంచుకున్నారు. పచ్చబొట్టు మాత్రం ఆవిడతోనే వెళ్లిపోయింది. దాన్ని కూడా ఉంచుకోవచ్చునని ఎవరికీ తోచలేదు.

తోచినవాళ్లు లోకంలో ఉన్నారని మొన్న క్లాసులో తెలిసింది. కర్ణుడి కవచకుండలాల ఘట్టం చెబుతున్నాను. వెనకబెంచీ కుర్రవాడొకడు లేచి, "మేష్టారూ, ఒళ్లు కోసి ఇస్తే దానం. అమ్మితే తప్పా?" అన్నాడు. నవ్వబోయాను గాని, వాడు చెప్పిన సంగతి విన్నాక నవ్వు రాలేదు.

స్విట్జర్లాండులో టిమ్ స్టైనర్ అని ఒకాయన ఉన్నాడు. విమ్ డెల్వాయ్ అనే బెల్జియం చిత్రకారుడు ఆయన వీపునిండా పచ్చబొట్టు వేశాడు. 2008లో జర్మనీ దేశస్థుడొకడు ఆ బొమ్మను 1,50,000 యూరోలకు కొన్నాడు. ఏటా కొన్నిసార్లు స్టైనర్ ప్రదర్శనశాలలో చొక్కా విప్పి కూర్చోవాలి. పోయాక ఆ చర్మం చట్రంలో బిగించి కొన్నవారికి చేరాలి. ఒప్పందం అది.

జపానులో ఇంకా పాత కథ ఉంది. ఫుకుషి మసాయిచి అనే వైద్యుడు, సగంలో ఆగిన పచ్చబొట్టు పూర్తి చేయించుకోలేని బీదవాళ్లకు డబ్బిచ్చి, పోయాక చర్మం తనకు దక్కేటట్టు మాట తీసుకునేవాడట. టోక్యో విశ్వవిద్యాలయంలో అలా సేకరించిన చర్మాలు సుమారు వంద ఉన్నాయి.

మరి చట్టం ఏమంటుంది? శవం ఎవరి ఆస్తీ కాదు, వీలునామా రాసి ఒకరికి ఇవ్వడానికి లేదు అని 1882లో ఇంగ్లండు కోర్టు చెప్పింది. 1908లో ఆస్ట్రేలియా హైకోర్టు చిన్న సందు విడిచింది. న్యాయసమ్మతంగా ఎవరైనా పనితనం చూపి కళేబరాన్ని వేరొక వస్తువుగా మారిస్తే, దాన్ని దగ్గర ఉంచుకునే హక్కు వారికి ఉండవచ్చునట. మన దేశంలో మూత్రపిండాల బేరాలు మితిమీరాక 1994లో అవయవాల అమ్మకాన్ని నిషేధించే చట్టం వచ్చింది. 2011 సవరణతో కణజాలాలనూ అందులో చేర్చారు. అయితే ఆ చట్టం వైద్యంకోసం చేసే మార్పిడిని దృష్టిలో పెట్టుకుని రాసినది; గోడకు తగిలించే చర్మం సంగతి దాన్ని రాసినవాళ్లకు తట్టి ఉండదు. మనిషి గౌరవం ప్రాణంతో పోదు, దేహానికీ ఉంటుంది అని మన సుప్రీంకోర్టు 1995లో అన్నమాట మాత్రం ఇక్కడ పనికివస్తుంది.

"ఆయన ఇష్టపడే అమ్ముకున్నాడు కదండీ! కర్ణుడు మాత్రం ఊరికే ఇచ్చాడా? బదులుగా శక్తి పుచ్చుకున్నాడు" అన్నాడు మా వాడు.

నిజమే. కాని కర్ణుడు తన చేత్తో తానే కోసి ఇచ్చాడు, నొప్పి తానే పడ్డాడు. ఈ బేరంలో సంతకం ఒకరిది, కత్తి మరొకరిది. ఆ పూట దుఃఖంలో ఉండి దేహాన్ని అప్పగించవలసినవాళ్లు ఇంకొకరు. పైగా బేరం ఎప్పుడు తీరుతుంది? అమ్మినవాడు పోయినప్పుడు. ఎంత మంచివాడైనా సరే, కొన్నవాడికి ఒక మనిషి చావులో లాభం ఏర్పడింది. స్టైనర్‌కు ఇది సరదా కావచ్చు. ఇలాంటి బేరం ఒకసారి వాడుకలోకి వస్తే, రెండోవాడు అప్పు తీర్చడానికి వీపు చూపిస్తాడు. జపాను వైద్యుడి దగ్గరకు వెళ్లినవాళ్లు ధనవంతులు కారు.

చర్మం ఇవ్వడం తప్పని నేననను. పోయిన ఆరుగంటల్లోగా తొడలనుంచీ వీపునుంచీ పలచని పొర తీసుకుని కాలిన గాయాలవారికి కప్పే చర్మనిధులు మన దేశంలోనూ ఉన్నాయి. నేను మా ఇంట్లో చెప్పి ఉంచాను: ఉన్న నాలుగు పుస్తకాలూ పంచుకోండి, చర్మం పనికొస్తే కాలిన ఒంటికి కప్పండి. డబ్బు పుచ్చుకుని గోడకు మాత్రం ఇవ్వకండి.