మడ అడవికి బోదె తవ్వేదెవరు?

దివిసీమ అనగానే మనందరికీ 1977 నవంబరు 19 గుర్తుకొస్తుంది. మనం పుట్టకముందు సంగతే అయినా, పది వేల మంది దాకా పొట్టన పెట్టుకున్న ఆ ఉప్పెన గురించి వినని ఇల్లు మన వైపు లేదు. అంతటి కెరటాన్ని ఏ అడవీ పూర్తిగా ఆపలేదు, నిజమే. కాని తీరాన మడ చెట్లు దట్టంగా వుంటే కెరటం జోరు తగ్గుతుందని మనం చదువుకుంటున్నాం, పరీక్షలో రాస్తున్నాం, మార్కులు తెచ్చుకుంటున్నాం. నాగాయలంక దాటి వెళ్ళి ఆ చెట్టును చూసినవాళ్ళు మన క్లాసులో ఎంతమంది? లెక్కకి ఒక చేతి వేళ్ళు చాలు.

చదివినదీ చేసేదీ కలిస్తే ఏమవుతుందో తమిళనాడులోని పిచ్చవరం చూపించింది. అక్కడ మడ అడవి ఏళ్ళ తరబడి క్షీణిస్తూ వచ్చింది. కట్టెలు కొట్టే పల్లెవాళ్ళదీ, మేసే పశువులదీ తప్పని అనుకునేవారు. ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్ళు పరిశీలిస్తే అసలు కారణం వేరే తేలింది. వెనకటి రోజుల్లో అధికారికంగానే వంతులవారీగా అడవిని మొదలంటా నరికించేవారు. నీడ పోయిన బురద నేల ఎండి, కుంగి, పళ్ళెంలా అయింది. పోటుకి వచ్చిన నీరు ఆటుకి తిరిగి పోయే దారి లేక అక్కడే ఆవిరై, ఉప్పు పేరుకుపోయింది. అందులో ఏ మొక్క నాటినా బతకదు. దానికి మందు కాలువ! ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్లకాలువలు. పైనుంచి చూస్తే చేప ముల్లులా వుంటుంది. రోజూ నీరు వచ్చిపోతుంటే ఉప్పు కడుక్కుపోతుంది, అప్పుడు తెల్లమడ నాటితే నిలబడుతుంది. 1990ల చివర నుంచి మన కృష్ణా, గోదావరి ముఖద్వారాల్లో కూడా అటవీ శాఖా, పల్లె జనమూ కలిసి ఇలాగే తవ్వి నాటారు.

ఇది చెబితే మా నాన్న నవ్వాడు. "దీనికి అంత చదువు కావాలట్రా? మురుక్కాలవ పూడితే చేను చౌడెక్కుతుందని మీ తాతకి తెలీదూ?" నిజమే! కాని అడవి సంగతి మా తాతయ్యని ఎవరూ అడగలేదు, అది తనకి సంబంధించిందని ఆయనా అనుకోలేదు. రిపోర్టులు ఇంగ్లీషులో వుంటాయి, పలుగు పట్టేవాడు తెలుగువాడు. కాలువ ఒకసారి తవ్వితే చాలదు, పూడిక తీస్తూ వుండాలి. ప్రాజెక్టు డబ్బు అయిపోయాక ఎవరు తీస్తారు? నీరు పోయే దారి చూడకుండా వంద మొక్కలు గుచ్చి ఫోటోలు దిగేవాళ్ళకి మాత్రం కరువు లేదు.

గుడివాడ మిత్రులు కొల్లేరు మాట ఎత్తుతారు. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యమన్నారు, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు, తరవాత చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి. గీత ఎక్కడ గీయాలో శాస్త్రం చెప్పగలదు. ఆ గీత లోపల బతికేవాడి కూటి సంగతి మాత్రం ఎవరి లెక్కలోనూ సరిగ్గా పడలేదని నా అభిప్రాయం.

మా వూళ్ళోనూ వరి చేల పక్కన రొయ్యల చెరువులొచ్చాయి. గట్టు పక్క మడి చౌడెక్కుతోంది. చెరువువాడు కాదంటాడు, చేనువాడు అవునంటాడు. ఇద్దరూ మా బంధువులే! ఏ నెలలో ఎంత ఉప్పు అని కొలిచినవాడు లేడు. కొలిచే పరికరమేమో మన లాబొరేటరీ బీరువాలో పడుకుని వుంది.

అందుకే యూనియన్‌ని ఒకటి అడుగుతున్నాను. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులు పాత రికార్డులు చూసి ఎక్కించడం మానేద్దాం. ప్రతి బ్యాచీ ఒకే కాలువని, ఒకే మడిని కొలవాలి. పై ఏడు వచ్చేవాళ్ళు ఆ లెక్క అందుకోవాలి. ఆ అంకెలు తెలుగులో రాసి పంచాయతీ గోడకి అంటించాలి. వార్షికోత్సవం మైకు ఖర్చులో సగం తగ్గించినా నాగాయలంకకి ఒక బస్సు వస్తుంది. వెళ్ళేది పున్నమికో అమావాస్యకో అయితే మంచిది, పోటు ఎంతదాకా ఎక్కుతుందో ఆ రోజుల్లోనే కనబడుతుంది.