108 బండిలో ఆ ఇద్దరు



108 బండి పిలవని పల్లె మన ప్రాంతంలో లేదనే చెప్పవచ్చు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆ సేవ మొదలయింది. కాన్పు నొప్పులని, పాముకాటని ఫోను చేస్తాము. బండి వస్తే ప్రాణం లేచివస్తుంది. ఆలస్యమైతే నోటికి వచ్చినట్లు అంటాము. బండిలో వచ్చిన ఆ ఇద్దరూ ఎప్పుడనగా డ్యూటీ ఎక్కారో మాత్రం ఎవరమూ అడగము.

ఎక్కువగా వారివి రెండే షిఫ్టులు. పగలు 12 గంటలు, రాత్రి 12 గంటలు. 2018లో తెలంగాణ 108 ఉద్యోగులు సమ్మెకు దిగినప్పుడు 8 గంటల పని కావాలన్నారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లోని వారి సంఘము కూడా అదే అడిగింది. (సంఘమంటే మన చదువరులకు ముందు గుడి గుర్తుకు వస్తుంది. ఇక్కడ కార్మిక సంఘము.)

ఆ 12 గంటలు కాగితం మీదనే 12. ఉదయం 8కి షిఫ్టు మారుతుందనుకుందాము. 8కి పది నిమిషాలుందనగా ఫోను వస్తుంది. గర్భిణిని ఎక్కించుకొని, దగ్గర ఆసుపత్రిలో కాదంటే జిల్లా ఆసుపత్రికి చేర్చి, తిరిగి వచ్చేసరికి పదిన్నర. ఆక్సిజన్ ఎంత ఉన్నది, మందులు ఎన్ని మిగిలినవి, బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, అన్నీ లెక్క అప్పగించాలి. ఆ తరువాతనే ఇంటికి పోయే బస్సు సంగతి. రాత్రి 8కి మళ్ళీ ఎక్కాలి. నిద్ర చాలనివాని చేతిలో స్టీరింగు, వెనుక మన ఇంటి ఆడపిల్ల.

బస్సు, లారీ కార్మికులకు 1961లో వచ్చిన చట్టము రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు పెట్టింది. టిక్కెట్టు కొని ఎక్కే బస్సుకు పెట్టిన హద్దు, ప్రాణం మీదికి వచ్చినవారు ఎక్కే బండికి ఎందుకు వద్దో మాకు అర్థము కాదు. ఖర్చు నిజమే. రెండు షిఫ్టులకు బండికి నలుగురు చాలుతారు, మూడైతే ఆరుగురు కావాలి, సెలవులకు మరికొందరు. ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలని మా అభిప్రాయము.

అయితే మూడు షిఫ్టులు వచ్చినంత మాత్రాన తగవు తీరదు. ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 అని వేళలు పెడితే, రాత్రి పదింటికి దిగినవాడు తన పల్లెకు ఎట్లా చేరాలి? 6కి ఎక్కవలసినవాడు ఏ బస్సు పట్టుకోవాలి? దూరపు ఊరివానికి పాత పన్నెండు గంటలే నయమనిపించినా తప్పు పట్టలేము. అందుకే షిఫ్టు ఎప్పుడు మొదలు కావాలో పై ఆఫీసులో కాక, ఆ మండలంలో బండి నడిపేవారిని అడిగి నిర్ణయించాలి. చివరి నిమిషంలో వచ్చిన ఫోనుకు వెళ్ళిన గంటలకు వేరే జీతము కట్టివ్వాలి.

సమ్మె నోటీసు ఇచ్చారని పేపరులో చూచినప్పుడు, నెలలు నిండిన అమ్మాయి ఉన్న ఇంటివారు ఆశా కార్యకర్తతో ముందే మాట్లాడుకోండి. రాత్రివేళ వచ్చే ఆటో ఒకటి కుదుర్చుకొని, అతని నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో వ్రాసి ఉంచండి.