గ్లాసు మారితే రుచి మారునా?

రుచి పానీయంలోనిదే గాని పాత్రలోనిది కాదని పలువురి నమ్మకం. మా వాల్మీకిపురం టీ కొట్టు ముందు ఒక్క ఉదయం నిలిచినచో ఈ నమ్మకం సడలగలదు. మనం రుచి యనుకొనుదానిలో అధిక భాగం వాసనయే. ఇరుకు మూతి గ్లాసు పరిమళమును నిలిపి ముక్కునకందించును. వెడల్పు సాసరులో టీ గాలి సోకి త్వరగా చల్లారును. హైదరాబాదు ఇరానీ హోటళ్లలో సాసరులో పోసికొని త్రాగుటలోని సౌకర్యమిదే. స్టీలు గ్లాసు పెదవిని చురుక్కుమనిపించును. దళసరి గాజు నెమ్మదిగా వేడిని అందించును.

అయితే గ్లాసు ఆకారంతో నిమిత్తం లేని చేదు మరొకటున్నది. అదే రెండు గ్లాసుల పద్ధతి. తెలుగునాట అనేక గ్రామాల టీ కొట్లలో దళితులకు వేరు గ్లాసు పెట్టి, దానిని వారిచేతనే కడిగించిన దురాచారం మనమెరిగినదే. పాలు ఒకటే, పొయ్యి ఒకటే. గ్లాసు వేరైనంతనే టీ అవమానమైనది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్లలో కులవివక్షను నిషేధించినది. 17వ అధికరణంలో అంటరానితనమును రద్దు చేసినది. 1955 నాటి చట్టం దానికి శిక్ష విధించినది.

చట్టం టీ కొట్టు వరకు రాగలదు. వంటింటి వరకు రాజాలదు. ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుండుట మా సంప్రదాయమని గర్వించు మేము, మా ఇండ్లలో పనివారికై గూటిలో విడిగా ఉంచిన గ్లాసును ఏమందుము? విద్యార్థులారా, ముందు ఆ గ్లాసును తక్కినవాటితో కలుపుదము. పిదప టీ కొట్టును ప్రశ్నించుదము.