ఒక్క అంకెతో నెట్‌వర్క్‌ను కొలవలేం

ఇంటర్నెట్ ప్లాన్ తీసుకునేటప్పుడు చాలామంది చూసేది ఒకే అంకె: సెకనుకు ఎన్ని మెగాబిట్లు. ఆ అంకెలోనే చిన్న తిరకాసు ఉంది. వేగాన్ని బిట్లలో చెబుతారు, ఫైలు పరిమాణాన్ని బైట్లలో చూపిస్తారు. ఎనిమిది బిట్లు ఒక బైటు. అందువల్ల 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో సెకనుకు దిగేది మహా అయితే 12.5 మెగాబైట్లు. అసలు లోపం ఇది కాదు. ఆ అంకె దారి వెడల్పు చెబుతుంది గానీ ప్రయాణానికి పట్టే సమయం చెప్పదు.

అండమాన్ దీవులనే చూడండి. చెన్నై నుంచి వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యేదాకా అక్కడివారికి (వారిలో తెలుగువారూ తక్కువేమీ కాదు) ఉపగ్రహమే ప్రధాన ఆధారం. భూస్థిర ఉపగ్రహం ఉండేది దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో. ప్రశ్న పైకి వెళ్లి కిందికి రావాలి, జవాబూ అంతే. కాంతి వేగంతో వెళ్లినా దీనికి దాదాపు అర సెకను పడుతుంది. బ్యాండ్‌విడ్త్ ఎంత పెంచినా ఆ అర సెకను తగ్గదు. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. కాబట్టి చెన్నై, పోర్ట్ బ్లెయిర్‌ల మధ్య రానుపోను ప్రయాణం కొద్ది మిల్లీసెకన్ల పనే.

ఈ ఆలస్యాన్నే లేటెన్సీ అంటారు. అది నిలకడగా లేకుండా పెరుగుతూ తరుగుతూ ఉంటే జిట్టర్. దారిలో కొన్ని ప్యాకెట్లు పోతే ప్యాకెట్ లాస్. వీడియో కాల్‌లో డాక్టరు మాట తెగిపోవడానికి తరచూ కారణం ఈ రెండే. యూపీఐ చెల్లింపుకు కావలసిన డేటా చాలా కొద్ది. అక్కడ మెగాబిట్లు ఎన్ని ఉన్నా ప్యాకెట్లు పోతుంటే దుకాణం ముందు నిలబడాల్సిందే.

మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి ఉండాల్సిన కనీస వేగాన్ని 2023లో 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. మంచిదే. కానీ ఆ నిర్వచనంలోని అంకె డౌన్‌లోడ్‌కు మాత్రమే. ఇంటి నుంచి పాఠం చెప్పే టీచరుకు, ఎక్స్‌రే పంపాల్సిన ఆరోగ్య కేంద్రానికి అప్‌లోడే ముఖ్యం.

స్పీడ్ టెస్టులూ పూర్తి నిజం చెప్పవు. అవి సాధారణంగా దగ్గరి సర్వర్‌నే ఎంచుకుంటాయి. లైను ఖాళీగా ఉన్నప్పుడు 20 మిల్లీసెకన్లు చూపిన కనెక్షనే, ఇంట్లో ఎవరో పెద్ద ఫైలు ఎక్కిస్తుంటే వందల్లోకి పోవచ్చు. రౌటర్‌లో ప్యాకెట్లు బారులు తీరడమే దీనికి కారణం. కంపెనీలు ప్రకటించాల్సింది రాత్రి ఎనిమిదింటికి, లైను నిండుగా ఉన్నప్పుడు ఉండే లేటెన్సీని. అదీ సగటు కాదు, నూటికి అయిదుసార్లు ఎదురయ్యే అధ్వాన్న స్థితిని.