మళ్లీ రాసే పిల్లలు

ఆషాఢంలో బోనాలకు సికింద్రాబాద్‌లో చుట్టాలు రాని ఇల్లుండదు. నీట్ ఫలితాలు వచ్చి మామూలుగా అప్పటికి నెల తిరిగీ తిరగకుండా ఉంటుంది. ఇంట్లో బైపీసీ చదివిన పిల్ల ఉంటే, ఉజ్జయిని మహంకాళి గుడి నుంచి వచ్చినవాళ్లు కూర్చుని మంచినీళ్లు తాగకముందే అడుగుతారు, "సీటు ఏమైంది?" అని. అడిగేది ప్రేమతోనే. "లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేర్పిస్తున్నాం వదినా" అని తల్లి వంటింట్లోంచే జవాబు చెబుతుంది. పిల్ల మెల్లగా లేచి లోపలి గదిలోకి పోతుంది. చిలకలగూడలో, వారాసిగూడలో, సీతాఫల్‌మండిలో, మారేడ్‌పల్లిలో ఇలా లోపలి గదుల్లో కూర్చున్న పిల్లలు చాలామందే ఉన్నారు. ఈ నాలుగు మాటలు వాళ్ల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం.

2025లో నీట్ రాసినవాళ్లు 22 లక్షల పైచిలుకు. అందులో 12.36 లక్షల మంది క్వాలిఫై అయ్యారు. ఆ ఏడాది దేశమంతా కలిపి చూసినా ఎంబీబీఎస్ సీట్లు లక్షా 30 వేల లోపే. అంటే క్వాలిఫై అయిన పదిమందిలో తొమ్మిదిమందికి సీటు లేదు. తెలంగాణలో సర్కారు కాలేజీలో సీటొస్తే ఏడాదికి ఫీజు 10 వేలు. ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటాకు 60 వేలు, అదే కాలేజీలో యాజమాన్య కోటా అయిన బీ కేటగిరీకి 11 లక్షల పైన. ఒక కుటుంబం అప్పులో పడుతుందా, తప్పించుకుంటుందా అన్నది కొద్ది మార్కుల దగ్గర తేలిపోతోంది. అందుకే మళ్లీ రాస్తాననే పిల్లలను మొండివాళ్లనకూడదు. చాలా ఇళ్లలో అది అన్నీ లెక్కేసుకుని తీసుకున్న నిర్ణయం.

బాధ కలిగించేది ఆ ఏడాది గడిచే తీరు. నిరుడు చదివిన మొదటి పాఠం మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలు. అవే నోట్సు, అదే వరస. రోజుకు పది గంటలు చదివిన పిల్ల ఇప్పుడు పద్నాలుగు గంటలు చదవాలి. పండగ లేదు, పెళ్లి లేదు, తమ్ముడు టీవీ పెట్టకూడదు. ఎన్ని గంటలు కూర్చుందో అందరూ లెక్కపెడతారు. పోయినసారి మార్కులు ఎక్కడ పోయాయో మాత్రం ఎవరూ అడగరు.

దీనికి సరిపోయే సంగతి ఒకటి మన ఊళ్లోనే జరిగింది. బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర సర్ రొనాల్డ్ రాస్ పేరుతో ఒక పాత భవనం ఉంది. 1897 ఆగస్టు 20న దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని ఆయన చూసింది ఈ సికింద్రాబాద్‌లోనే. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇంతవరకు మన పిల్లలకు తెలుసు. ఆయన కూడా పరీక్ష తప్పి మళ్లీ రాసినవాడేనని చాలామందికి తెలియదు. కుర్రవాడికి బొమ్మలు, కవిత్వం ఇష్టం. సైన్యంలో పెద్ద హోదాలో ఉన్న తండ్రికి కొడుకు డాక్టరు కావాలని. 1879లో సర్జన్ల పరీక్ష గట్టెక్కాడు గానీ, లండన్‌లో అపాథికరీల సంఘం పెట్టే పరీక్ష తప్పాడు. ఓడల మీద డాక్టరుగా పనిచేస్తూ మళ్లీ చదువుకుని, 1881లో అది ప్యాసై ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు.

అంతకన్నా ముఖ్యమైంది దోమల సంగతి. 1895లో సికింద్రాబాద్ వచ్చాక, మధ్యలో బెంగళూరు, ఊటీ వైపు తిరిగిన కాలం పోగా, మిగిలిన రోజుల్లో ఆయన మైక్రోస్కోపు ముందే కూర్చున్నాడు. గాలికి దోమలు ఎగిరిపోతాయని ఎండాకాలంలో కూడా పంకా ఊపనిచ్చేవాడు కాదు. వందల దోమలను కోసి చూశాడు. ఏమీ కనిపించలేదు. శ్రమలో లోటేమీ లేదు. ఆయన కోస్తున్నవి మలేరియాను మోయని జాతి దోమలు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న వేరే రకం దోమలు చేతికి వచ్చాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగికి దోమకో అణా చొప్పున ఇచ్చి వాటితో కుట్టించాడు. నాలుగు రోజులకు, రెండేళ్లుగా వెతుకుతున్నది కనిపించింది.

లాంగ్ టర్మ్‌లో చేరే ప్రతి ఇంట్లో ఈ దోమల సంగతి మాట్లాడుకుంటే బాగుండును. గంటలు పెంచమని చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఏం మార్చాలో కూర్చుని చూసేవాళ్లే తక్కువ.

చూడటానికి కావలసిన కాగితాలు పిల్లల దగ్గరే ఉన్నాయి. నీట్ ప్రశ్నపత్రాన్ని ఇంటికి తెచ్చుకోనిస్తారు. జవాబుల కీ ఇచ్చే రోజుల్లో ఎవరి ఓఎంఆర్ షీటును వాళ్లకు పరీక్ష పెట్టే ఎన్‌టీఏ తన వెబ్‌సైటులో చూపిస్తుంది. కీలో తప్పుందనిపిస్తే ప్రశ్నకు 200 రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పవచ్చు. సీటు రాలేదని తెలియగానే ఇవన్నీ అటక ఎక్కేస్తాయి. నిజానికి ఆ ఏడాదికి అంతకన్నా విలువైన పుస్తకం లేదు. ఒక ఆదివారం ఆ షీటును ప్రింటు తీయించి, ప్రశ్నపత్రం పక్కన పెట్టుకుని, నిమ్మళంగా 180 ప్రశ్నలూ చూసుకుంటూ పోవాలి. తెలియక తప్పిందేది, తెలిసి కూడా తొందరలో తప్పిందేది, గుడ్డిగా నింపిందేది అని పెన్సిల్‌తో పక్కన గుర్తు పెట్టాలి. "కింది వాటిలో సరికానిది ఏది" అన్న ప్రశ్నలో ఆ "సరికానిది" మీద కన్ను పడక, మొదట కనిపించిన సరైన వాక్యానికే బబుల్ నింపేసిన చోట్లు కొన్ని దొరుకుతాయి. లెక్క చివర్లో యూనిట్ మార్చకుండా వదిలేసినవి దొరుకుతాయి. ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1 గనుక తెలిసి తప్పిన ఒక్కో ప్రశ్న 5 మార్కుల తేడా. అలాంటివి పన్నెండు ఉంటే 60 మార్కులు. కొత్త పాఠం ఒక్కటీ చదవకుండానే తిరిగి తెచ్చుకోగల మార్కులవి.

తెలియక తప్పినవాటిలో ఎక్కువ ఫిజిక్స్‌వే ఉంటాయి. దీనికి మూలం మన ఇంటర్ చదువులోనే ఉంది. బైపీసీ తీసుకున్నవాళ్లకు లెక్కలు పదో తరగతితో ఆగిపోతాయి. డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్, వెక్టర్లు ఎంపీసీ పిల్లలకు మ్యాథ్స్ క్లాసులో ఓపిగ్గా చెబుతారు. బైపీసీ వాళ్లకు ఫిజిక్స్ లెక్చరర్ మొదటి వారంలో గబగబా చెప్పి ముందుకు వెళ్లిపోతాడు. ఆ గబగబా రెండేళ్ల తర్వాత పరీక్షలో బయటపడుతుంది. 720లో ఫిజిక్స్ 180. లాంగ్ టర్మ్ మొదలయ్యే ముందు ఒక నెల రోజులు, పక్కింటి ఎంపీసీ అక్క దగ్గరో, పదో తరగతికి ట్యూషన్ చెప్పే మాస్టారి దగ్గరో కూర్చుని ఆ కాస్త లెక్కలు నేర్చుకుంటే, తర్వాత ఏ కోచింగైనా పనికొస్తుంది. అది లేకుండా ఫార్ములాలు వల్లెవేసినా మళ్లీ అదే గతి.

బయాలజీలో చిక్కు వేరు. ఇంటర్ బోర్డు పరీక్షకు తెలుగు అకాడమీ పుస్తకం చదువుతారు. నీట్‌లో 90 ప్రశ్నలు, 360 మార్కుల బయాలజీకి ఆధారం ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం. పాఠం ఒకటే అయినా ఉదాహరణలు, బొమ్మలు, వాక్యాలు వేరు. గైడ్ల మీద గైడ్లు కొనేకన్నా ఎన్‌సీఈఆర్‌టీని బొమ్మ కింద రాసిన చిన్న అక్షరాలతో సహా చదవడం మేలు.

మార్కులను నిరుటి మార్కులతో పోల్చి కుంగిపోయే పిల్లలకు ఒక మాట. 2024లో మొదట ప్రకటించిన ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి, సవరించాక 17 మంది మిగిలారు. మరుసటి ఏడాది దేశంలో మొదటి ర్యాంకు వచ్చిన అబ్బాయి మార్కులు 686. పేపరు కష్టమైతే మార్కులు అందరికీ పడిపోతాయి. "పోయినేడు అన్ని వచ్చాయి, ఈ ఏడు ఇన్నేనా" అని నిలదీసే ముందు పెద్దవాళ్లు ర్యాంకు చూడాలి.

అమెరికాలో ఉన్న మన తెలుగు పిల్లల్లోనూ మెడికల్ స్కూల్‌కు రెండోసారి దరఖాస్తు చేసేవాళ్లున్నారు. అక్కడ ఎంక్యాట్ అనే ప్రవేశపరీక్ష మార్కులతో పాటు వ్యాసాలు, సిఫారసు ఉత్తరాలు, ఇంటర్వ్యూ ఉంటాయి. పోయినసారికీ ఇప్పటికీ నీలో ఏం మారిందని చాలా కాలేజీలు అభ్యర్థిని సూటిగా అడుగుతాయి. ఇక్కడ ఆ ప్రశ్న దరఖాస్తులో లేదు, ఓఎంఆర్ షీటు ఏ ప్రశ్నా వేయదు. అడగాల్సింది ఇంట్లోవాళ్లే. దానితోపాటు, డాక్టరు కావాలన్న కోరిక ఎవరిదన్నదీ ఈ ఏడాదే తేల్చుకోవాలి. సికింద్రాబాద్ పిల్లలకు అందుకు దూరం పోనక్కర్లేదు. ఒకప్పుడు రైల్వే స్టేషన్ ఎదురుగా ఉండి, 2003లో ముషీరాబాద్‌కు మారిన గాంధీ ఆస్పత్రి ఉంది. మోకాళ్ల నొప్పుల నానమ్మనో, షుగర్ ఉన్న తాతనో వెంటబెట్టుకుని ఒక ఉదయం ఓపీకి వెళ్తే చాలు. చీటీ కోసం నిలబడ్డ వరస, ఒక్కో రోగికి దొరికే ఆ కొద్ది నిమిషాలు, రాత్రి డ్యూటీ దిగని జూనియర్ డాక్టర్ల కళ్లు, వరండాలో దుప్పటి పరుచుకున్న అటెండెంట్లు. ఇది చూసి వచ్చాక కూడా "నాకిదే కావాలి" అన్న పిల్లకు ఇంకో ఏడాది ఇవ్వడంలో తప్పేమీ లేదు. అక్కడ ఊపిరాడనట్టనిపించిన పిల్లను బలవంతపెట్టడం అన్యాయం.

మార్కులు వచ్చాక కూడా సీటు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు గనుక కౌన్సెలింగ్ సంగతీ చెప్పాలి. సర్కారు కాలేజీల సీట్లలో 15 శాతం ఆలిండియా కోటాకు పోతాయి. వాటినీ, బీబీనగర్ ఎయిమ్స్ సీట్లనూ ఢిల్లీలోని కౌన్సెలింగ్ కమిటీ ఎంసీసీయే భర్తీ చేస్తుంది. రాష్ట్ర కోటా సీట్లు చూసే వరంగల్‌లోని కాళోజీ వర్సిటీకి ఒక్కదానికే దరఖాస్తు పెట్టి ఊరుకుంటే ఆ తలుపులు తట్టనట్టే. సనత్‌నగర్ ఈఎస్‌ఐ మెడికల్ కాలేజీలో ఈఎస్‌ఐ కట్టే కార్మికుల పిల్లలకు విడిగా సీట్లున్నాయి. ఫ్యాక్టరీలో, దుకాణంలో పనిచేసే తండ్రి జీతంలోంచి నెలనెలా ఈఎస్‌ఐ కోత పడుతుంటే, ఆ సర్టిఫికెట్ కోసం ముందే అడగాలి. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు తెలంగాణలో చదివి ఉండాలన్న స్థానికత నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. స్టడీ సర్టిఫికెట్లు, మీసేవలో తీసుకునే కులం, ఆదాయం పత్రాలు ఫలితాలు వచ్చాక పరుగెత్తి తెచ్చేవి కావు, ఈ ఖాళీలోనే సర్దుకోవాలి.

నీట్‌కు ఇప్పుడు వయసు పైపరిమితి లేదు, ఎన్నిసార్లయినా రాయొచ్చు. పరీక్ష పెట్టేవాళ్లు గీత గీయలేదు గనుక ఇంట్లోనే గీసుకోవాలి, అదీ ఫలితం రాకముందే, మనసు నిలకడగా ఉన్నప్పుడు. ఈసారి ఇంత ర్యాంకు లోపల రాకపోతే బీడీఎస్సా, అదే నీట్ ర్యాంకుతో వచ్చే ఆయుర్వేదమా, హోమియోపతీయా, లేక డిగ్రీలో చేరడమా అని పిల్లతో కలిసి కాగితం మీద రాసుకోవాలి. ఇక్కడ ఒక అన్యాయం కనిపిస్తూనే ఉంది. చాలా ఇళ్లలో అబ్బాయికి రెండోసారి, మూడోసారి అని ఓపిక పడతారు. అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి "ఇంకెన్నాళ్లు ఇంట్లో, ఏదో ఒకదాంట్లో చేర్చేయండి" అన్న మాట మొదలవుతుంది. గీత ఎంత దూరంలో గీసినా ఇద్దరికీ ఒకటే కావాలి.

ఏడాది పొడవునా ఒంటరిగా చదివే పిల్లలు తిండి తగ్గించినా, నిద్ర పోకపోయినా, మాట్లాడటం మానేసినా, దాన్ని చదువు మీద శ్రద్ధ అనుకోవద్దు. 2022లో మొదలైన మానసిక ఆరోగ్య సేవ టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడేవాళ్లున్నారు, పైసా ఖర్చు లేదు. ఆ నంబరు పిల్ల గదిలో టైమ్‌టేబుల్ పక్కనే రాసిపెట్టాలి.

ప్రభుత్వం నుంచి కోరేది చిన్నదే. గౌలిదొడ్డి గురుకులంలో సాంఘిక సంక్షేమ శాఖ నీట్ శిక్షణ ఇస్తోంది, మంచి పని. హాస్టల్లో ఉండలేని, ప్రైవేటు కోచింగ్ ఫీజు కట్టలేని పిల్లలు నగరంలోనే ఇళ్లలో చదువుకుంటున్నారు. ఇరుకు గదిలో చదువు సాగదు, లైబ్రరీ వెతుక్కుంటూ పోవడానికి ఆడపిల్లలకు ఇంట్లో ఒప్పుకోరు. సికింద్రాబాద్ చుట్టుపక్కల సర్కారు జూనియర్ కాలేజీల్లో క్లాసులు అయిపోయాక రెండు గదులు రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచి, లెక్కలు కూడా చెప్పగల ఫిజిక్స్ మాస్టారిని ఒకరిని వేసి, పాత పేపర్లు జిరాక్సు తీసి పెడితే, కొత్త భవనం కట్టకుండానే వెంటనే మొదలుపెట్టవచ్చు.