పెద్దల తప్పులు, భక్తుల విశ్వాసము

మతగురువుల దోషములను మఱుగుపఱచుటయే భక్తి యని మనలో ననేకులు తలఁచుచున్నారు. ఆ దోషములు వెల్లడి యైనంతనే మతమంతయు బూటక మని త్రోసివేయుటయే వివేక మని మఱికొందఱు తలఁచుచున్నారు. మొదటివారు సాధారణముగా నింటిలోని వృద్ధులు. రెండవవారు చదువుకొన్న పిల్లలు. పైకి బద్ధవిరోధులవలెఁ గానవచ్చు నీ యిరుపక్షములవారును నిజమునకు నొక్క పొరపాటునే చేయుచున్నారని మా యభిప్రాయము. విశ్వాసము నాయకుని నడతమీఁద నిలిచియున్న దని యిరువురి తలంపు. అందుచేతనే వృద్ధులు నాయకుని కడిగి తుడిచి నిలుపఁజూతురు. యువకులు నాయకుఁడు జాఱినంతనే విశ్వాసమును గూడ పాతిపెట్టఁజూతురు.

సామాన్యవచనములు విడిచి యొక నిదర్శనమును బరీక్షింతము. 1842వ సంవత్సరమున ఫాదర్ హైయరు గుంటూరు చేరినది మొదలు తెనుఁగుదేశమున లూథరు పేరు దలఁచు క్రైస్తవకుటుంబములు వేలకొలఁది యేర్పడినవి. 1927లో ఆ సంఘము ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘ మను పేర స్వతంత్రముగా నిలిచినది. ఆ కుటుంబములలోని పిల్లలకు 1517వ సంవత్సరము చక్కఁగాఁ దెలియును. పాపపరిహారపత్రముల విక్రయమును ఖండించుచు విట్టెన్‌బర్గు పట్టణమున లూథరు తన వాదములను బ్రకటించిన సంవత్సర మది. 1543వ సంవత్సర మేమో వారి కెవ్వరును జెప్పరు.

ఆ సంవత్సరమున లూథరు యూదులనుగూర్చి యొక దారుణమైన పుస్తకమును వ్రాసెను. వారి సమాజమందిరములను దగులఁబెట్టవలయు ననియు, ఇండ్లు కూలఁద్రోయవలయు ననియు, ప్రార్థనాగ్రంథములను లాగికొనవలయు ననియు, బోధకుల నోళ్లు మూయింపవలయు ననియు, దారులలో వారికి రక్షణ మీయరా దనియు, సొమ్ము హరింపవలయు ననియు, వయసులో నున్నవారిచేఁ గూలిపని చేయింపవలయు ననియు నేడు సలహాలను వరుసగా నిచ్చెను. ఇరువదియేండ్లకుఁ బూర్వము, 1523లో, యూదులయెడ దయతో మెలఁగవలె నని వ్రాసిన చేయియే యిదియు వ్రాసినది. వారు తాను గోరినట్లు క్రైస్తవులు కాకపోవుటతో నాఁటి దయ నేఁటి పగ యయ్యెను.

ఆ పుస్తకము నాఁటితోఁ జావలేదు. 1938 నవంబరు 9, 10 తేదీలలో జర్మనీయందు యూదుల మందిరములు కాలుచుండఁగా, అందు పదవతేది లూథరు జన్మదిన మని సంతసించుచు, ఆయన వ్రాఁతలనుండి భాగములు కూర్చి ప్రకటించినవాఁడు మార్టిన్ సాసె యను లూథరన్ బిషపు. 1946లో న్యూరెంబర్గు న్యాయస్థానమున యూలియస్ స్ట్రైఖ రను యూదద్వేషి యీ పుస్తకమునే తనకు సాక్ష్యముగాఁ జూపెను. హిట్లరు చేసిన ఘోరములకు నాలుగువందల యేండ్లనాఁటి పుస్తక మొక్కటే కారణ మని మేము చెప్పము. కాని హంతకుల చేతికి గురువు పేరు దొరకిన దనుట నిజము.

దీనిని వినినపుడు భక్తులు మూఁడు సమాధానములు చెప్పుదురు. ఆయన యప్పటికి వృద్ధుఁడు, రోగపీడితుఁడు అనునది మొదటిది. రోగము నోటినుండి పరుషవాక్యమును రప్పింపఁగలదు. ఏడు సలహాలను లెక్కపెట్టి వ్రాయించునా? అది జ్వరములోని పలవరింత గాదు, ఆలోచించి చేసిన యుపదేశము.

కాలదోష మనునది రెండవది. ఇది యందఱకును బ్రియమైన సమాధానము. కావున దీనినే గట్టిగాఁ బరీక్షింపవలయును. ఒసియాండ రను బోధకుఁడు లూథరు పక్షమువాఁడే. యూదులు క్రైస్తవశిశువులను జంపుదు రను నపవాదము అబద్ధ మని యాతఁడు వ్రాసిన పుస్తకము 1540లో పేరు లేకుండ వెలువడెను. 1543లో యోసెల్ అను యూదపెద్ద స్ట్రాస్‌బర్గు పట్టణసభకు మొఱపెట్టుకొనఁగా, లూథరు పుస్తకమును దమ పట్టణమున నచ్చువేయరాదని సభవారు నిషేధించిరి. ఆ బోధకుఁడును ఆ సభవారును ఏ కాలమువారు? కాలము కన్నులు గట్టిన దందుమేని, వీరి కన్ను లెట్లు తెఱవఁబడెను? కాలదోష మని చెప్పుట దోషిని గాపాడుటకుఁ దోడు ఆ కాలమున ధైర్యముగా నిలిచిన సజ్జనులను మఱపించుటయు నగును.

ఆయన చేసిన మేలు గొప్ప దనునది మూఁడవది. గొప్పదే. వేదగ్రంథమును, 1522లో క్రొత్తనిబంధనను, 1534లో సర్వమును, ప్రజల భాషలోనికిఁ దెచ్చెను. ఆఁడుపిల్లలకును బడులు పెట్టవలె నని 1524లోనే పట్టణాధికారులకు బోధించెను. దీనికి మేమును గృతజ్ఞులమే. కాని యొకరికిఁ బెట్టిన యన్నము వేఱొకరికిఁ గొట్టిన దెబ్బను మాన్పదు.

ఇఁక యువకులతో నొకమాట. లూథరును మీ రే కొలబద్దతోఁ గొలిచి తప్పుపట్టుచున్నారు? పొరుగువానియందలి ప్రేమ యను కొలబద్దతోఁ గదా! అది యాయన మతమునందలిదే. జర్మనీలోని యింటింటికి దాని నందించినవాఁడును ఆయనయే. పోపులును సభలును బలుమాఱు తప్పిరని 1521లో వర్మ్స్ సభయెదుట ప్రాణమునకుఁ దెగించి చెప్పినవాఁ డాయన. పెద్దలు తప్పుదు రని యెలుఁగెత్తి చాటిన పెద్దను తప్పెఱుఁగని దేవునిగా నిలుపువారు ఆయన శిష్యులు కారు. ఆయన తప్పినచోట తప్పె నని చెప్పువారే నిజమైన శిష్యులు.

అయినను యువకుల యాక్షేపణ యంతటితోఁ దీఱదని మే మెఱుఁగుదుము. ఇట్టి ఫలము గాచిన చెట్టును నమ్ము టెట్లని వారడుగుదురు. ఇది తేలికగాఁ ద్రోసివేయఁదగిన ప్రశ్న కాదు. దేవుఁడు యూదులను విసర్జించె నను బోధ లూథరుకుఁ బెక్కు శతాబ్దములకు ముందే సంఘములో వేరూనియుండెను. కావున నొకని కోపమును నిందించి యూరకుండిన లాభము లేదు. ఆ బోధనే సవరింపవలయును. ఈ పని యసాధ్య మందురా? క్రీస్తు మరణమునకు యూదజాతి యంతయు బాధ్యురా లను నిందను రోమకసంఘము 1965లో ద్రోసిపుచ్చినది. అమెరికాలోని ఎవాంజెలికల్ లూథరన్ సంఘము 1994లో లూథరుని యీ వ్రాఁతలను బహిరంగముగా నిరాకరించి యూదుల కెదుట తన దుఃఖమును దెలిపినది. అంతమాత్రమున వారి ప్రార్థన లాగినవా? తమ చెట్టు రోగపుఁగొమ్మను దామే నఱికిరి.

పరుల యింటి కథ చెప్పి మన యిల్లు మఱచుట న్యాయము గాదు. బ్రాహ్మమతమున కేశవచంద్రసేనుఁ డెంతటివాఁడో మన సంస్కర్తల కందఱకుఁ దెలియును. వధువునకుఁ బదునాలుగేండ్లు నిండవలె నను నియమము గల 1872వ సంవత్సరపు వివాహచట్టమునకై పాటుపడినవాఁ డాయన. 1878లో నా వయసు నిండని తన కూఁతును కూచ్‌బిహారు రాజునకిచ్చి పెండ్లిచేసి, అది దైవాదేశ మనెను. నాఁడు శివనాథశాస్త్రి ప్రభృతు లేమి చేసిరి? పెద్దవాఁడని నోరు మూసికొనలేదు. పెద్దవాఁడు తప్పె నని దేవుని విడువలేదు. ఆ సంవత్సరముననే సాధారణబ్రాహ్మసమాజమును స్థాపించి, తమ విశ్వాసమును దామే మోసికొని వెడలిరి. మేము కోరునది యీ మార్గమే.

కావున గృహస్థులకు మా విన్నపము. అక్టోబరు 31వ తేదిని పిల్లలకు 1517 కథ చెప్పునపుడు 1543 కథయు జెప్పుఁడు. ఒసియాండరు పేరును, యోసెల్ పేరును గూడ జెప్పుఁడు. విశ్వాసము చెడునని భయపడకుఁడు. ఇంటివారు దాఁచినది బిడ్డ యెన్నఁడో బజారున వినును. విన్ననాఁడు గురువును నమ్మఁడు, మిమ్మును నమ్మఁడు. తల్లినోట ముందే వినిన బిడ్డ గురువును మనుష్యునిగాఁ జూచును, దేవుని దేవునిగానే కొలుచును.